పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు



కుక్కపిల్లని తెచ్చుకున్న ఇల్లు మొదటి వారంలోనే పెట్‌షాపు మెట్లెక్కుతుంది. గోడ నిండా బెల్టులు, గొలుసులు, తాళ్లు, బాడీ బెల్టులు వేలాడుతుంటాయి. పిల్ల ఒకరి ఒళ్లో నిద్రపోతుంటుంది. స్కూలుకెళ్లే పిల్లలిద్దరూ ఎర్రదా, నీలందా అని కొట్లాడుకుంటుంటారు. ఇంటిపెద్ద మాత్రం మనసులో లెక్క వేస్తుంటాడు. "ఇప్పుడు రెండు నెలలే. ఇంకో ఆర్నెల్లకి ఇంతెత్తున ఉంటుంది. చిన్నది కొంటే మళ్లీ కొనాలి. ఆ పెద్దదే ఇవ్వండి, లోపలి కన్నానికి పెట్టుకుంటాం." షాపతను సూదిగా ఉన్నదేదో తీసి బెల్టుకి ఇంకో రెండు కన్నాలు పొడిచి ఇస్తాడు. బేరం అయిపోతుంది.

జూన్ నెలలో స్కూలు యూనిఫాం కుట్టించేటప్పుడు మన ఇళ్లల్లో జరిగేదీ సరిగ్గా ఇదే. లోపలికి మడిచి కుట్టండి, వచ్చే ఏడు విప్పుకుంటాం అంటారు. చొక్కా వదులైతే పోయేదేమీ లేదు. కుక్కపిల్లకి పట్టీ వదులైతే మాత్రం, అది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. నడిరోడ్డు మీద లారీ హారన్ మోగగానే పిల్ల బెదిరి వెనక్కి గుంజుతుంది. తల కిందికి వంచి, చెవులు వెనక్కి పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, పట్టీ తల మీదుగా జారిపోతుంది. యజమాని చేతిలో తాడు, తాడు చివర ఖాళీ పట్టీ. పిల్ల ఎటు పోయిందో తెలిసేలోపు రెండు ఆటోలు దాటిపోతాయి.

అసలు ఈ పిల్లలు ఎదిగే వేగం చూస్తే ముందుచూపుతో కొనాలనిపించడంలో ఆశ్చర్యం లేదు. రెండు నెలల లాబ్రడార్ పిల్ల సుమారు 5 కిలోలుంటుంది. ఆర్నెల్లు నిండేసరికి 18, 20 కిలోలకి వస్తుంది. ఏడాది దాటాక ముప్ఫైకి అటూ ఇటూ. పామెరేనియన్ లాంటి చిన్న జాతులు ఎనిమిది, పది నెలలకే ఎదుగుదల ముగిస్తాయి. జర్మన్ షెపర్డ్‌కి ఏడాదిన్నర దాకా పడుతుంది. గ్రేట్ డేన్ రెండో పుట్టినరోజు దగ్గరపడేదాకా నిండుకుంటూనే ఉంటుంది. అంటే పెద్ద జాతి పిల్లకి మొదటి ఏడాదిలో రెండు మూడు సార్లు పట్టీ మార్చాల్సి వస్తుంది. ఈ ఖర్చు తప్పించుకోవడానికి దారి లేదు. పిల్ల ఖరీదుతో, టీకాల ఖర్చుతో, నెలనెలా తినే తిండితో పోల్చి చూస్తే నైలాన్ పట్టీ ధర ఎంతని! వేలు పోసి పిల్లని కొన్నవాళ్లు రెండు మూడు వందల దగ్గర బిగదీసుకోవడం విచిత్రమే.

వదులు పట్టీ చేసే చెరుపు కంటికి కనిపిస్తుంది. బిగుతు పట్టీ చేసేది కనిపించదు. అందుకే అదింకా ప్రమాదకరం.

మన ఊళ్లలో కుక్కపిల్ల ఇంటికి రాగానే దిష్టి తగలకుండా మెడలో నల్లతాడు కడతారు. ముద్దుగా ఉన్న పిల్లకి మరీనూ. వీధిలో ఈనిన కుక్క పిల్లలకి కూడా చుట్టుపక్కల పిల్లలు ఆడుకుంటూ రిబ్బనో, గాజుల డబ్బా దారమో, ఒక్కోసారి రబ్బరు బ్యాండో మెడకి చుడతారు. కట్టినవాళ్ల ప్రేమలో లోపం లేదు. కట్టాక మర్చిపోవడంతోనే చిక్కు. నాలుగైదు వారాలు గడుస్తాయి. తాడు అంతే ఉంటుంది, మెడ లావెక్కుతుంది. పైన బొచ్చు కమ్ముకోవడంతో తాడు కనబడదు. ముందు ఆ చోట బొచ్చు రాలుతుంది, చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది. తర్వాత తడి చేరుతుంది. ఆ పైన తాడు చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగుతుంది, దాని మీద కొత్త కండ పెరగడం మొదలవుతుంది. పిల్ల ఊరికే మెడ గోక్కుంటుంటే ఇంట్లోవాళ్లు గోమారేమో అనుకుని పౌడరు కొడతారు. మొహం కాస్త ఉబ్బినట్టుంటే ఒళ్లు చేసిందని మురిసిపోతారు. చివరికి వాసన వస్తుంది, ఈగలు ముసురుతాయి. పశువుల ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు మత్తిచ్చి, బొచ్చు గొరిగి, కండలో దిగిన తాడుని కత్తిరించి బయటికి లాగాల్సి వస్తుంది. వీధికుక్కల్ని కాపాడే సంస్థల దగ్గర పనిచేసేవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు. తాడొక్కటే కాదు, చవక నైలాన్ పట్టీ, గొలుసు, ఏదైనా ఇంతే. ఎదిగే మెడకి ఎదగని వలయం దేన్ని వేసినా జరిగేది ఇదే.

దిష్టి తీయాలనుకుంటే ఉప్పూ మిరపకాయలూ ఉండనే ఉన్నాయి. మెడ జోలికి పోనక్కర్లేదు.

వదులుకీ బిగుతుకీ మధ్య హద్దు ఎక్కడ? పశువైద్యులు చెప్పే కొలత చాలా తేలిక. పట్టీ పెట్టాక పెద్దవాళ్ల చూపుడువేలు, మధ్యవేలు రెండూ కలిపి పట్టీ కింద దూర్చాలి. ఒరుసుకుంటూ దూరితే సరైన బిగుతు. అరచెయ్యి దూరిపోతే వదులు. ఒక్క వేలే కష్టంగా వెళితే బిగుతు. అరచేతిలో పట్టేంత బుల్లి పామెరేనియన్‌కీ, చివావాకీ ఒక్క వేలు సందు చాలు. ఈ పరీక్ష కొన్నరోజు ఒక్కసారి చేస్తే సరిపోదు. ఆర్నెల్ల లోపు పిల్లకి వారం వారం చెయ్యాలి. ఆదివారం స్నానం చేయించే ఇంట్లో ఆ పూటే పెట్టుకుంటే మర్చిపోరు. ఒళ్లు తుడిచాక బొచ్చు ఆరాలి, ఆ తర్వాతే వేళ్లు పెట్టి చూడాలి. తడిసిన బొచ్చు అణిగిపోయి ఉన్న సందు కన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఇంతకీ మెడకే ఎందుకు పట్టీ? ఇదీ అడగాల్సిన ప్రశ్నే. కుక్క గొంతులో గాలిగొట్టం మెత్తటి ఎముకతో చేసిన వలయాల వరస. ఆ వలయాలు పూర్తిగా మూసుకుని ఉండవు, ఇంగ్లీషు సి అక్షరంలాగా వెనకవైపు తెరుచుకుని ఉంటాయి. చిన్న జాతుల్లో, ముఖ్యంగా పామెరేనియన్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావాల్లో, ఈ వలయాలు బలహీనపడి గొట్టం నొక్కుకుపోయే జబ్బుంది. అది ఉన్న కుక్క బాతు అరిచినట్టు పొడిగా దగ్గుతుంది. జబ్బుకి పట్టీ ఒక్కటే కారణమని ఎవరూ అనరు. కానీ మెడ మీద లాగుడు పడితే ఆ దగ్గు ఎక్కువవుతుంది. తెలుగు ఇళ్లల్లో పామెరేనియన్లకి కొదవ లేదు. దాన్ని మెడపట్టీతో నడిపించేవాళ్లకీ కొదవ లేదు.

కళ్ల సంగతి చాలామందికి తోచదు. 2006లో అమెరికా పశువైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 26 కుక్కల చేత ఒకసారి మెడపట్టీ మీద, ఇంకోసారి ఒంటిపట్టీ (బాడీ బెల్టు) మీద బరువు లాగించి, కంటి లోపలి ఒత్తిడి కొలిచారు. మెడపట్టీతో లాగినప్పుడు ఒత్తిడి స్పష్టంగా పెరిగింది. ఒంటిపట్టీతో పెరగలేదు. 2020లో ఇంగ్లండులోని నాటింగ్‌హాం ట్రెంట్ యూనివర్సిటీ పరిశోధకులు కుక్క మెడలాంటి నమూనా తయారుచేసి, దానికి రకరకాల పట్టీలు తొడిగి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, కుదిపినట్టు ఒకసారి లాగి చూశారు. మెత్త పెట్టినవీ, వెడల్పుగా ఉన్నవీ అన్నీ అందులో ఉన్నాయి. లాగే కుక్కకి దెబ్బ తగలదని భరోసాగా చెప్పదగ్గ పట్టీ ఒక్కటీ వాళ్లకి దొరకలేదు. వెడల్పు పట్టీకి డబ్బెక్కువ పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

దీన్నిబట్టి పని రెండుగా విడిపోతుంది. మెడపట్టీ ఉండాలి, కానీ అది ఫోన్ నంబరు మోయడానికి. తాడు తగిలించి నడిపించడానికి ఒంటిపట్టీ, అంటే షాపుల్లో బాడీ బెల్టు అనీ హార్నెస్ అనీ అడిగేది. నడక ఇంకా రాని, ప్రతి ఆకుకీ ప్రతి కాకికీ ఎగిరి దూకే పిల్లకి ఇదే క్షేమం.

అయితే బాడీ బెల్టు కొనడం మెడపట్టీ కొన్నంత తేలిక కాదు. గోడ మీద ఉన్నవాటిలో ఎక్కువభాగం రెండు రకాలు. ఒకటి ఛాతీకి అడ్డంగా, భుజాల మీదుగా ఒక పట్టీ పోయేది. రెండోది ఎదురుగా చూస్తే వై అక్షరంలా ఉండి, మెడ రెండు పక్కల నుంచి దిగి రొమ్ము ఎముక మీద కలిసి, ముందు కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోయేది. భుజాలకి అడ్డం రాదు కాబట్టి రెండోదే మేలని చాలామంది సలహా ఇస్తారు. చూడ్డానికి అది నిజమే అనిపిస్తుంది కూడా. కానీ 2019లో 9 కుక్కల్ని నడిపించి, చిన్న పరుగు పెట్టించి కొలిచినప్పుడు అనుకున్నదానికి తలకిందులుగా వచ్చింది. వై ఆకారంది వేసుకున్నప్పుడే భుజం ముందుకి సాగడం ఎక్కువ తగ్గింది. తేడా కొద్ది డిగ్రీలే. తొమ్మిది కుక్కలతో తీర్పు చెప్పలేం. అయినా ఒక్కటి తేలుతుంది: పేరుని బట్టీ ఆకారాన్ని బట్టీ కొనడం కన్నా, ఆ బెల్టు ఈ పిల్ల ఒంటి మీద ఎలా కూర్చుంది, వేసుకుని ఎలా నడుస్తోంది అన్నదే చూసుకోవాలి.

చూడటం ఎలా? ముందు కొలత. దర్జీ టేపు చాలు. పిల్లని నిలబెట్టి రెండు కొలతలు తీసుకోవాలి. మెడ మొదట్లో, పట్టీ భుజాల మీద కూర్చునే చోట ఒకటి. ముందు కాళ్ల వెనక, ఛాతీ బాగా వెడల్పయిన చోట చుట్టుకొలత ఇంకొకటి. పిల్ల కూర్చుంటే ఛాతీ కొలత మారిపోతుంది, కాబట్టి బిస్కెట్టు ముక్క మూతి ముందు పెట్టి నిలబెట్టాల్సిందే. ప్యాకెట్టు మీద 'లాబ్రడార్ పిల్లకి', 'పగ్‌కి' అని రాసి ఉన్నది నమ్మక్కర్లేదు, సెంటీమీటర్లే నమ్మాలి. ఛాతీ 40 సెంటీమీటర్లుంటే 38 నుంచి 55 దాకా సర్దుకునే బెల్టు కొనవచ్చు. ఇంటిపెద్ద పొదుపుకి ఆ మేరకి చోటుంది. 50 నుంచి మొదలయ్యేది మాత్రం కొనకూడదు, ఎన్ని కన్నాలు పొడిచినా అది ఈ పిల్లది కాదు.

తొడిగాక మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూడాలి. ముందు పట్టీలు కలిసే రింగు రొమ్ము ఎముక మీద ఉందా, పైకి జారి గొంతు మీదకి వచ్చిందా? ఛాతీ చుట్టూ తిరిగే పట్టీకీ ముందు కాలి చంకకీ మధ్య రెండు వేళ్లయినా ఎడముందా? ఇది తగ్గితే రెండు మూడు రోజుల్లో చంకలో చర్మం ఒరిసి ఎర్రబడుతుంది. విశాఖ, కాకినాడ ఉక్కలో, వానాకాలంలో ఆ ఒరుపు ఇట్టే పుండవుతుంది. చంకలో, పొట్ట కింద పిల్లలకి బొచ్చు పలచన, చర్మం నేరుగా నైలాన్‌కి తగులుతుంది. తర్వాత పిల్ల చేత నాలుగడుగులు వేయించి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి చూడాలి. అడుగులు పొట్టిగా వేస్తున్నా, ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నా బెల్టు ఎక్కడో అడ్డం పడుతోందన్నమాట. చివరిగా తాడు పట్టుకుని పిల్ల ఎదురుగా నిలబడి మెల్లగా ముందుకి లాగాలి. పిల్ల వెనక్కి తన్నుకున్నప్పుడు బెల్టు మోచేతులు దాటి తల వైపు జారిందంటే, రోడ్డు మీదా జారుతుంది. ఈ పరీక్ష తలుపులు వేసిన గదిలో చెయ్యాలని వేరే చెప్పనక్కర్లేదు.

బాడీ బెల్టుల్లో కొన్నిటికి వీపు మీదొకటి, రొమ్ము మీదొకటి, రెండు రింగులుంటాయి. రొమ్ము రింగుకి తాడు తగిలిస్తే, లాగే పిల్ల లాగినకొద్దీ పక్కకి తిరిగిపోతుంది, లాగడంలో లాభం లేదని నేర్చుకుంటుంది. పనికొచ్చే ఏర్పాటే, కాకపోతే పొట్టి తాడుతోనే వాడాలి. పొడుగు తాడు తగిలించి వదిలితే, పరుగెత్తే పిల్ల చివరికొచ్చేసరికి ఒక్క గుంజుతో గిర్రున తిరిగి పడుతుంది.

ఒంటి తీరుని బట్టి కొన్ని జాతుల సంగతి వేరు. కర్ణాటకలోని ముధోల్ పేరు మీద పిలిచే వేటకుక్కలు తెలంగాణ సరిహద్దు పల్లెల్లోనూ, ఈమధ్య హైదరాబాద్ ఇళ్లల్లోనూ కనిపిస్తున్నాయి. వాటి తల సన్నగా పొడుగ్గా ఉంటుంది, మెడ దానికి తీసిపోని లావు. మామూలు పట్టీ రెండు వేళ్ల సందుతో పెట్టినా తల మీదుగా వచ్చేస్తుంది. ఇలాంటివాటికి మార్టింగేల్ అనే పట్టీ ఉంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకుంటుంది, ఒక హద్దు దాటి బిగియదు. కొల్లేటి చుట్టుపక్కల ఒకప్పుడు బాతుల మందలు కాసిన జోనంగి కుక్కకి బొచ్చు చాలా పొట్టి, ఒళ్లు నున్నన. దానికి అంచు కరుకుగా ఉన్న నైలాన్ పనికిరాదు, మెత్త ఉండాలి. పగ్ లాంటి చప్పిడి మూతివాటికి ఊపిరే కష్టం, వాటి గొంతు మీద పట్టీ లాగుడు అసలే పడకూడదు.

వీధి నుంచి తెచ్చుకున్న పిల్ల అయితే ఇంకా జాగ్రత్త కావాలి. మనిషి చెయ్యంటేనే భయం పోని పిల్ల, మొదటి నెలల్లో ప్రతి చప్పుడికీ వెనక్కే తన్నుకుంటుంది. సన్నటి నడుము ఉన్న నాటు పిల్లలు రెండు పట్టీల హార్నెస్‌లోంచి తేలిగ్గా బయటపడతాయి. ఛాతీ వెనక, నడుము దగ్గర మూడో పట్టీ కూడా ఉన్న రకం వీటికి మేలు. అది లేకపోతే ఒకే తాడుకి రెండు కొక్కేలున్నది తీసుకుని, ఒకటి హార్నెస్‌కి, ఒకటి మెడపట్టీకి తగిలించినా సరే. ఒకటి జారినా ఇంకోటి పట్టుకుంటుంది. దీపావళి వారంలో ఎంత మచ్చికైన పిల్లకైనా ఈ జోడు కట్టు వెయ్యాలి. ఆ వారం సాయంత్రాలు చీకటి పడక ముందే నడక ముగించుకోవాలి.

ఇక తాడు. నాలుగు నుంచి ఆరు అడుగుల పొడుగు, చేతికి మెత్తగా ఉండే అల్లిక, కుట్లు గట్టిగా ఉండటం. ఇంతకు మించి అక్కర్లేదు. కొక్కెం బరువు మాత్రం చేత్తో తూచి చూడాలి. పెద్ద కుక్కకి చేసిన ఇత్తడి కొక్కెం రెండు కిలోల పిల్లకి తగిలిస్తే అది నడిచినంతసేపూ గడ్డానికీ కాళ్లకీ కొట్టుకుంటుంది. పిల్ల నడవనంటుంటే మొండిదని తిట్టే ముందు ఆ కొక్కెం చూడాలి. కొక్కెం తగిలించే డీ రింగు అతుకు దగ్గర సందుందేమో గోరు పెట్టి చూడాలి, చవక సరుకు తెగేది అక్కడే.

మీట నొక్కితే చుట్టుకుపోయే తాళ్లు ఇప్పుడు ప్రతి షాపులోనూ ఉన్నాయి. పార్కులో చూడముచ్చటగా ఉంటాయి. సన్నటి దారం వేగంగా పరిగెత్తేటప్పుడు వేలికో పిక్కకో చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది, వేళ్లు తెగిన సందర్భాలూ ఉన్నాయి. 2008లో అమెరికాలో ఇలాంటి తాళ్లని రెండు లక్షలకు పైగా మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించారు. లోహపు కొక్కెం విరిగి ఎదురు దూసుకొస్తోందని. పైగా దీంతో పిల్ల నేర్చుకునే పాఠం కూడా తప్పే: లాగితే తాడు వస్తుందని. ఎదిగే పిల్లకి ఇది వద్దు.

గొలుసు సంగతీ అంతే. తాడు కొరికేస్తోందని గొలుసు వేస్తారు. మూడు నెలల నుంచి ఏడు నెలల దాకా పిల్లకి 28 పాలపళ్లు ఊడి 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ దురదకి కొరకడం సహజం. ఇనుము కొరికితే కొత్త పళ్లు విరుగుతాయి. ఇంట్లో కొరకడానికి బొమ్మో, పిల్లల కోసమే చేసిన నమిలే ముక్కో ఇచ్చి, నడక అవగానే తాడు తీసి మేకుకి తగిలించెయ్యాలి. నైలాన్ పోగులు తెంపి మింగితే అవి పేగుల్లో చుట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

తాడు ఇవతలి చివర ఉన్న మనిషిని ఎవరూ కొలవరు. పొద్దున్నే కుక్కని తిప్పేది చాలా ఇళ్లల్లో డెబ్భై ఏళ్ల తాతగారు, లేదంటే ఆరో క్లాసు పిల్లాడు. జారకుండా ఉంటుందని తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంటారు. పిల్లి కనబడి 20 కిలోల కుక్క ఒక్క దూకు దూకితే మనిషి బోర్లా పడతాడు, మణికట్టో తుంటో విరుగుతుంది. ఉచ్చులోకి బొటనవేలు పోనిచ్చి, మిగతా తాడు అరచేతిలో మడిచి పట్టుకుంటే, అవసరమైనప్పుడు వదలొచ్చు. స్కూటర్ హ్యాండిల్‌కి తాడు కట్టి పిల్లని పక్కన పరుగెత్తించే దృశ్యం కాలనీల్లో అప్పుడప్పుడూ కనబడుతుంది. ఎముకల చివర్లు ఇంకా గట్టిపడని పిల్లకి అది వ్యాయామం కాదు, శిక్ష. తాడు చక్రంలో పడితే ఇద్దరికీ ఆసుపత్రే.

షాపులో గట్టిగా వద్దనాల్సినవి మూడు. లాగితే బిగుసుకుపోయే చోక్ చైన్, లోపలివైపు ముళ్లున్న పట్టీ, కరెంటు షాకిచ్చే పట్టీ. బ్రిటన్‌లోని వేల్స్ 2010లోనే షాక్ పట్టీలని నిషేధించింది. మన దగ్గర ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో ఇంటికొస్తాయి. పిల్ల మెడకి ఇవి ఎందుకు పనికిరావో పైన చెప్పిన గాలిగొట్టం, కంటి లెక్కలే చెబుతాయి. మువ్వల పట్టీ మీద అంత కోపం అక్కర్లేదు గానీ, రోజంతా చెవి పక్కన గలగలమంటుంటే మనుషులకే విసుగు, కుక్క చెవి మనకన్నా ఎంతో చురుకు. ఫొటో తీసుకుని విప్పెయ్యడం మంచిది.

ఇంత సామాను కొని, కుక్కని గేటు పక్కన రోజంతా గొలుసుకి కట్టేసే ఇళ్లూ ఉన్నాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో పదకొండో సెక్షన్ దీని గురించి పేరు పెట్టి మాట్లాడుతుంది. మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో, తాడుతో అదేపనిగా కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకి తగినంత వ్యాయామం చేయించకపోవడం కూడా నేరమే. మొదటి తప్పుకి ఆ చట్టం రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఇప్పుడు ఆ డబ్బుకి మంచి కొక్కెం కూడా రాదు.

కొన్నది ఎప్పుడు తొడగాలి? రోడ్డెక్కే రోజు కాదు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి, టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలలు వచ్చేదాకా, నలుగురి కుక్కలు తిరిగే చోట పిల్లని దించవద్దని పశువైద్యులు చెబుతారు. ఆ వారాలు వృథా కాదు. వరండాలో, డాబా మీద బెల్టు అలవాటు చెయ్యడానికి అదే సమయం. మొదటి రోజు బెల్టుని నేల మీద పడేసి వాసన చూడనివ్వాలి. మర్నాడు అన్నం తినేటప్పుడు తొడిగి, తినడం అవగానే తియ్యాలి. మూడో రోజుకి తాడు తగిలించి, ఎవరూ పట్టుకోకుండా పక్కన మనిషి ఉండగా ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి. గోక్కుంటుంది, దొర్లుతుంది, విగ్రహంలా నిలబడిపోతుంది. అవన్నీ మామూలే. లాక్కెళ్లకుండా రెండడుగులు వెనక్కి వేసి పిలిస్తే తనే వస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపు హార్నెస్ తీసి ఉంచాలి. కిటికీ చువ్వకో, గేటు గడియకో తగులుకుంటే విడిపించడానికి ఎవరూ ఉండరు. రెండు పిల్లలు కలిసి ఆడుకునేటప్పుడు మెడపట్టీలు కూడా తీసెయ్యడం నయం. ఒకదాని కింది దవడ ఇంకోదాని పట్టీలో ఇరుక్కుంటే రెండూ బెదిరి మెలికలు తిరుగుతాయి, బిగుసుకుపోతుంది.

ఎండాకాలంలో ఇంకో లెక్క. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో మందపాటి మెత్తలున్న హార్నెస్ ఉక్కపోత. గాలాడే జాలీ గుడ్డది వాడాలి. తారు రోడ్డు మీద అరచెయ్యి వెనకభాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టలేకపోతే పిల్ల పాదాలు అక్కడ పెట్టకూడదు. రాత్రి తిప్పేవాళ్లు వెలుగు పడితే మెరిసే దారంతో కుట్టిన పట్టీ ఎంచుకుంటే, ముఖ్యంగా నల్ల కుక్క ఉన్నవాళ్లు, బైకు మీద వచ్చేవాడికి కనిపిస్తారు.

మెడపట్టీ మీద ఫోన్ నంబరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. చర్మం కింద పెట్టే మైక్రోచిప్పులో 15 అంకెలుంటాయి గానీ, అది చదవడానికి యంత్రం కావాలి. వీధి చివర టీకొట్టు అబ్బాయికి దొరికిన పిల్లని తిరిగి ఇంటికి చేర్చేది పట్టీ మీది పది అంకెలే. కుక్క పేరు రాయకపోయినా ఫర్వాలేదు, నంబరు మాత్రం చెరిగిపోని సిరాతో రాయండి, లేదా చిన్న బిళ్ల మీద చెక్కించండి.

పిల్లకి చాలని పాత పట్టీలు బాగుంటే పారేయకండి. దగ్గర్లో వీధికుక్కల్ని చేరదీసే సంస్థ ఉంటే వాళ్లకి ఇవ్వండి, అక్కడ అన్ని సైజులకీ మెడలుంటాయి. ఈ ప్రసంగం అయ్యాక ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు లేచి దాని మెడలో రెండు వేళ్లు పెట్టి చూడండి. కుక్క లేనివాళ్లు రేపు పొద్దున పాలకి వెళ్లేటప్పుడు వీధి మలుపులో ఆడుకునే కుక్కపిల్లల మెడల్లో ఎవరైనా కట్టి మర్చిపోయిన దారం ఉందేమో చూసి, ఉంటే కత్తెరతో తీసెయ్యండి. ఇప్పటికే చర్మంలోకి దిగి ఉంటే మాత్రం మీరు లాగకండి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.